నాణెం నల్లగా వస్తే ‘నకిలీ’ అని రాసెయ్యొచ్చా?

ప్రశ్న: అమ్మా, నేను ఐసీఎఫ్ రైలుపెట్టెల కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. పాత నాణేలంటే ప్రాణం. ఆన్‌లైన్ వేలంలో ఈస్టిండియా కంపెనీవాళ్ల 1808 నాటి ఇరవై కాసుల రాగి నాణెం కనబడింది. ‘మునిగిన ఓడలో దొరికినది’ అని రాశారు. ఫొటోలో ఎర్రగా నిగనిగలాడుతోంది. 900 దగ్గర మొదలైన పాట, ఇంకెవరో పోటీకి రావడంతో 2,350 దాకా పోయి నా పేరున నిలిచింది. తొమ్మిది రోజులకు వచ్చింది. తీరా చూస్తే నల్లగా ఉంది, సింహాల బొమ్మ వైపు సన్నసన్న గుంటలు. అమ్మినతన్ని అడిగితే ‘ఫొటో దానిదే, వాపసు లేదు’ అన్నాడు. ఒక్క స్టార్ ఇచ్చి ‘నకిలీ, దొంగ’ అని రాసెయ్యమంటాడు మా అబ్బాయి. అలా రాస్తే అతను మీకూ చెడ్డ రేటింగ్ ఇస్తాడు, ఊరుకోండి అంటాడు అల్లుడు. ఏం చెయ్యమంటారు?
– పేరు వెయ్యొద్దన్న పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: బాబాయిగారూ, ‘నకిలీ’ అన్న మాట మాత్రం ఇప్పుడే రాయకండి. ఆ నాణేలు బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద మన చెన్నపట్నం కోసం కొట్టినవి. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుక తిన్నెల దగ్గర మునిగిపోయింది. 1980లలో గానీ నాణేలు పైకి రాలేదు. అన్నేళ్లు ఉప్పునీళ్లలో నానిన రాగికి గుంటలు పడటం వింతేమీ కాదు. అయితే పోతపోసిన దొంగ నాణేల మీదా సన్న గుంటలుంటాయి, కాబట్టి కంటిచూపుతో తేలే సంగతి కాదిది. మీ వీధిలో నగల కొట్టుకు వెళ్లి తూకం వేయించండి. అసలుది 9.3 గ్రాముల దగ్గర ఉంటుంది, సముద్రం తినేసినదైతే కాస్త తగ్గొచ్చు. అడ్డకొలత 31 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వెర్నియర్ పట్టడం మీకు ఒకరు నేర్పాలా! అంచు చుట్టూ అతుకు గీత ఉందేమో కూడా చూడండి, అది పోతపోసినదానికి గుర్తు.

తూకం సరిపోయిందనుకుందాం. అప్పుడు అతని తప్పు ఎంతవరకు? గుంటల మాట రాయకపోవడం తప్పు. వెలుతురు కొట్టి నల్లదాన్ని ఎర్రగా చూపించి ఉంటే అదీ తప్పే. 2,350 మాత్రం అతని తప్పు కాదు. మీరిద్దరూ పోటీపడి పెంచుకున్న ధర అది. తొమ్మిది రోజుల ఆలస్యం ఎవరిదో పార్సిల్ మీది తేదీ చూస్తే తెలుస్తుంది. అతను రెండోరోజే పంపేసి ఉంటే ఆ కోపం కొరియర్‌వాళ్ల మీద చూపించాలి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మా నాన్నగారు నన్ను చెన్నైలోని మూర్ మార్కెట్‌కు వెంటబెట్టుకు వెళ్లేవారు. 1985లో అది తగలబడేదాకా పాత సామాను కొన్నది అక్కడే. వస్తువు నచ్చకపోతే మర్నాడు ఆ కొట్టు ముందే నిలబడి అడిగేవారు, అతనూ ఏదో ఒక జవాబు చెప్పేవాడు. ఆన్‌లైన్‌లో ఆ ఎదురుబొదురు లేదు. కొన్నేళ్ల కిందట ఇలాగే వేలంలో ఒక పాత ఇత్తడి కాఫీ ఫిల్టర్ కొన్నాను. నొక్కుకుపోయి వచ్చింది. రాత్రి పదకొండింటికి, అడగనైనా అడక్కుండా ‘మోసం’ అని రాసి పడుకున్నాను. పొద్దున అతను ప్యాక్ చేసేటప్పటి ఫొటోలు పంపాడు. ఫిల్టర్‌కు ఒక్క సొట్ట లేదు. అప్పటికి అతనికి వచ్చిన అభిప్రాయాలన్నీ కలిపి పద్నాలుగు, నాది పదిహేనోది. మార్చుదామంటే ఆ సైటులో వీల్లేకపోయింది. అతనికి క్షమాపణ రాశాను గానీ నా మాట మాత్రం అక్కడే ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీరు అతనికి ఇంకోసారి రాయండి. పగటి వెలుతురులో తీసిన రెండు ఫొటోలు, తూకం, అతని ప్రకటన ఫొటో జతచెయ్యండి. వాపసు కావాలో, ధర తగ్గింపు కావాలో తేల్చి అడగండి. ‘డబ్బివ్వకపోతే ఒక్క స్టారే’ అని మాత్రం అనకండి, అది బెదిరింపు. ఈబే లాంటి వేలం సైట్లలో అది నిబంధనలకే విరుద్ధం. మూడు రోజులు చూసి, కదలకపోతే ఇలా రాయండి:

‘1808 ఇరవై కాసులు. బరువు ఇంత, కొలత ఇంత, అసలుదే అనిపిస్తోంది. ఫొటోలో ఎర్రగా ఉంది, వచ్చింది నల్లగా ఉంది. ఒకవైపు గుంటలున్నాయి, వాటి సంగతి వివరణలో రాయలేదు. ప్యాకింగ్ బాగుంది. వాపసు అడిగితే ఒప్పుకోలేదు.’

ప్యాకింగ్ బాగుంటేనే ఆ మాట ఉంచండి. స్టార్లు విడివిడిగా ఇచ్చే వీలుంటే వివరణకు రెండు, ప్యాకింగ్‌కు ఐదు ఇవ్వండి. తర్వాతి కొనుగోలుదారుకు ‘దొంగ’ అన్న మాటకన్నా ఆ గుంటల మాట ఎక్కువ పనికొస్తుంది. రేపు అతను డబ్బు తిరిగిస్తే ఆ సంగతీ చేర్చండి, మొదటిది తీసెయ్యక్కర్లేదు.

అల్లుడుగారి భయం గురించి ఒక్క మాట. కొన్నవాళ్లకు అమ్మినవాళ్లు చెడ్డ రేటింగ్ ఇచ్చే పద్ధతిని ఈబే 2008లోనే ఎత్తేసింది. మీ సైటులో ఎలా ఉందో చూడండి. ఉన్నా సరే, జరిగింది జరిగినట్టు రాయడానికి వెనుకాడొద్దు. అతను అదే వ్యాపారంగా అమ్మేవాడైతే, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అనకూడదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చు. ఇంట్లో ఉన్న పాత నాణెం ఎప్పుడో ఒకటి అమ్ముకునే మనిషికి ఆ నిబంధనలు వర్తించవు.

ఇదంతా తేలేదాకా ఆ నాణేన్ని చింతపండు పెట్టి తోమకండి. తోమితే దాని విలువ పోతుంది, అతను వెనక్కి తీసుకోనన్నా తప్పు పట్టలేం.