వేయించి పంపాలా, పచ్చిగా పంపాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మూడేళ్లుగా అరకు నుంచి పచ్చి కాఫీ గింజలు తెప్పించుకొని, ఐదు కిలోల యంత్రంలో వేయించి, వరంగల్, కరీంనగర్ దుకాణాలకు సరఫరా చేస్తున్నాను. లాత్వియా రాజధాని రీగాలో చదువు ముగించి అక్కడే ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, నేను వేయించి పంపితే తాను అమ్ముతానంటున్నాడు. నమూనాగా పంపిన గింజలు చేరేసరికి సువాసన తగ్గిందని, సుంకాలు కూడా ఎక్కువే పడ్డాయని చెప్పాడు. ఈ వ్యాపారం గిట్టుతుందా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: గిట్టే దారి ఉంది. అయితే వేయించే పని హనుమకొండలో కాక రీగాలో జరగాలన్నది మా అభిప్రాయం. కష్టపడి యంత్రం సమకూర్చుకున్న మీకు ఈ మాట రుచించదని తెలిసే చెబుతున్నాము.

ముందుగా సుంకాల సంగతి. లాత్వియా సభ్యదేశంగా ఉన్న ఐరోపా సమాఖ్య ఉమ్మడి సుంకాల పట్టిక ప్రకారం కెఫీన్ తీయని పచ్చి గింజలపై కస్టమ్స్ సుంకం లేదు. అవే గింజలను వేయించి పంపితే సాధారణ రేటు 7.5 శాతం. దీనికి తోడు లాత్వియా కాఫీపై కిలోకు సుమారు 1.42 యూరోల ఎక్సైజ్ పన్ను వసూలు చేస్తుంది. ఇటువంటి పన్ను జర్మనీలోనూ ఉంది, అక్కడ వేయించిన కాఫీకి కిలోకు 2.19 యూరోలు. రవాణా, బీమాలతో కలిపి మీ గింజల విలువ కిలోకు 20 యూరోలు అనుకుంటే, సుంకం 1.50, ఎక్సైజ్ 1.42 కలిసి 22.92 అవుతుంది; దానిపై 21 శాతం వ్యాట్ వేస్తే దాదాపు 27.73 యూరోలకు చేరుతుంది. మీ తమ్ముడు వ్యాట్ నమోదు చేయించుకుంటే ఆ భాగాన్ని తిరిగి సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, కస్టమ్స్ సుంకం తిరిగి రాదు. అక్కడే వేయించినంత మాత్రాన ఎక్సైజ్ తప్పుతుందని మాత్రం అనుకోవద్దు. ఆ దేశంలో అమ్మే కాఫీకి అది ఉండనే ఉంటుంది.

సుంకం కంటే పెద్ద చిక్కు మీ తమ్ముడు చెప్పిన సువాసనే. వేయించిన గింజ ఆ క్షణం నుంచే బొగ్గుపులుసు వాయువును వదులుతూ, దానితో పాటు పరిమళాన్నీ కోల్పోతూ ఉంటుంది. గాలిని బయటకు మాత్రమే వదిలే కవాటం ఉన్న సంచులు వాడినా కొన్ని వారాలకు మించి మొదటి రుచి నిలవదు. ఓడలో సరుకు చేరడానికే నెలకు పైగా పడుతుంది, విమానంలో పంపితే రవాణా ఖర్చే లాభాన్ని తినేస్తుంది. పచ్చి గింజ అలా కాదు, తేమ తగలకుండా చూసుకుంటే దాదాపు ఏడాది నిలుస్తుంది. ఎనుమాముల యార్డులో మిర్చి కొన్న వ్యాపారి కాయను శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉంచుతాడే తప్ప, ముందే కారం పట్టించి నిల్వ చేయడు కదా.

ఇందులో నష్టం లేకపోలేదు. వేయించినప్పుడు నూరు కిలోలు ఎనభై, ఎనభై ఐదు కిలోలకు తగ్గుతాయి కనుక, ఆవిరైపోయే బరువుకు కూడా మీరు రవాణా చెల్లిస్తారు. ధర నిర్ణయించేటప్పుడు ఈ తరుగును తప్పక కలుపుకోండి.

మార్కెట్ చాలా చిన్నది. లాత్వియా జనాభా 19 లక్షల లోపే, అంటే 2011 లెక్కల్లో 35 లక్షలున్న ఉమ్మడి వరంగల్ జిల్లాలో సుమారు సగం. పెద్ద దుకాణాల వెంట పడకుండా, నాలుగైదు కాఫీ హోటళ్లను నమ్మకమైన ఖాతాదారులుగా చేసుకోవడం మేలు. మన డికాక్షన్‌ కోసం ముదురుగా వేయించే కాఫీ, పాలు కలపకుండా తాగేవారికి చేదుగా తోచవచ్చు. లేతగా వేయించిన నమూనాలను కూడా రుచి చూపించండి.

కాగితాల విషయంలో మీకు ఎగుమతిదారు కోడ్, కాఫీ బోర్డు నమోదు, సరుకుతో పాటు అది ఏ దేశానిదో తెలిపే మూల ధ్రువపత్రం అవసరం. అక్కడ ఈఓఆర్ఐ సంఖ్య (ఐరోపా కస్టమ్స్ వద్ద దిగుమతిదారును గుర్తించే నమోదు సంఖ్య), ఆహార, పశువైద్య సేవా విభాగంలో నమోదు, లాత్వియన్ భాషలో లేబుల్ ఉండాలి. వేయించిన కాఫీలో ఓక్రాటాక్సిన్ కిలోకు 3 మైక్రోగ్రాములు మించకూడదు. సరిగా ఎండని గింజలకు పట్టే బూజు నుంచి ఈ విషం వస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. అందువల్ల కొనేటప్పుడే ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. అడవులు నరికిన భూముల్లో పండిన కాఫీని నిషేధించే 2023 నాటి ఐరోపా చట్టం అమలు వాయిదా పడినప్పటికీ, తోటల భౌగోళిక స్థాన వివరాలను అరకు రైతుల నుంచి ఇప్పటి నుంచే సేకరించడం మంచిది. మీ తమ్ముడి నివాస అనుమతి సొంత వ్యాపారానికి వీలిస్తుందో లేదో అన్నింటికంటే ముందు తేల్చుకోవాలి.

మొదట 60 కిలోల బస్తా ఒక్కటే పంపి, రీగాలో కూలికి వేయించి ఇచ్చేవారితో వేయించండి. మీ యంత్రమూ, మూడేళ్ల అనుభవమూ వృథా కావు. ప్రతి లాటునూ ఇక్కడ కొద్దిగా వేయించి, రుచి చూసి, ఏది పంపాలో ఎంచవలసింది మీరే.

ప్రశ్న: చికోరీ కలిపిన పొడిని ఇలాగే పంపవచ్చా?
— ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: పంపవచ్చు గానీ, దానిని కాఫీ అని మాత్రమే రాసి అమ్మకూడదు. మన దేశంలో మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, చికోరీ శాతం ప్యాకెట్‌పై కనిపించాలి. ఐరోపాలోనూ పేరులో చికోరీని చెప్పి దాని పాళ్లు రాయాలి, సుంకం పద్దు కూడా మారుతుంది. అక్కడి మన విద్యార్థులు కొంటారు గానీ, వారి సంఖ్యపై మాత్రమే ఆధారపడి పెట్టుబడి పెట్టవద్దు.