హిప్‌హాప్ పాటను సినిమాలో వాడాలంటే లేబుల్ అనుమతి ఒక్కటే చాలదు

మీ ప్రశ్న: అమెరికాలో తీస్తున్న చిన్న సినిమాకు ఒక హిప్‌హాప్ పాట కావాలి, లేబుల్ (పాటను విడుదల చేసిన రికార్డు కంపెనీ) సరేనంది, ఇక వాడుకోవచ్చా?

ఇంకా కుదరదండీ. పాట ఒకటే అయినా హక్కులు రెండు. రాసి, బాణీ కట్టినవాళ్ల హక్కు పబ్లిషర్ దగ్గర ఉంటుంది, దానికి సింక్ లైసెన్స్ (పాటను దృశ్యానికి జత చేసే అనుమతి). రికార్డయిన ఆడియో లేబుల్‌ది, దానికి మాస్టర్ యూజ్ లైసెన్స్. మన సినిమా పాటలకు తరచూ రెండూ ఒకే ఆడియో కంపెనీ చేతిలో ఉంటాయి కాబట్టి ఈ తేడా మనకు తట్టదు.

70ల నాటి సోల్ (నల్లజాతి అమెరికన్ల సంగీత శైలి) పాటయితే చాలావరకు ఈ రెండింటితో పనైపోతుంది. హిప్‌హాప్ పాటకు తరచూ అడుగున ఇంకో పాట ముక్క ఉంటుంది, చిక్కంతా అక్కడే. ఎన్.డబ్ల్యు.ఎ. అనే రాప్ బృందం వాళ్లు '100 మైల్స్ అండ్ రన్నిన్' కోసం ఫంకడెలిక్ అనే బ్యాండ్ పాట మొదట్లోని గిటార్‌ను 2 సెకన్లు తీసుకున్నారు. శ్రుతి తగ్గించి, లూప్ చేసి, 16 బీట్లకు సాగదీశారు. అది పాటలో 5 చోట్ల, ఒక్కోసారి సుమారు 7 సెకన్లు వినిపిస్తుంది. ఎవరైనా చెబితే తప్ప పోల్చుకోలేం. ఆ పాటను 1998లో 'ఐ గాట్ ద హుక్ అప్' సినిమాలో వాడితే, కేసు సినిమా సంస్థ దాకా వచ్చింది. ఇంత చిన్న ముక్కకు తప్పు పట్టలేమని కింది కోర్టు అంది. 2005లో ఆరో సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసి, రికార్డింగు నుంచి ఎంత తీసుకున్నా లైసెన్స్ ఉండాల్సిందేనంది. 2016లో తొమ్మిదో సర్క్యూట్ ఇంకో కేసులో ఈ వాదన ఒప్పుకోలేదు. అంటే ఆరో సర్క్యూట్ కిందికొచ్చే నాష్‌విల్‌లో ఒక రూలు, తొమ్మిదో సర్క్యూట్ కిందికొచ్చే లాస్ ఏంజెలెస్‌లో ఇంకోటి. మీ సినిమా రెండు చోట్లా ఆడాలి కాబట్టి కఠినమైనదాన్నే పట్టుకోండి.

ముందు ఆస్కాప్, బీఎమ్ఐ (రచయితల తరఫున రాయల్టీలు వసూలు చేసే అమెరికా సంస్థలు) డేటాబేసుల్లో పాట పేరు వెతికి రచయితలను, పబ్లిషర్లను, వాటాలను రాసుకోండి. రాపర్ల పక్కన పాతకాలం సోల్ రచయిత పేరు కనిపిస్తే అడుగున ఆయన పాట ఉందని అనుమానించాలి. 1995 నాటి 'గ్యాంగ్‌స్టాస్ పారడైజ్'కు స్టీవీ వండర్ పేరు అలా వచ్చిందే, 1976లో ఆయన చేసిన 'పాస్‌టైమ్ పారడైజ్' వల్ల. వాటాలు కలిపితే 100 రావాలి. 5 శాతం ఉన్నాయన వద్దన్నా పాట ఆగిపోతుంది.

పబ్లిషర్‌కు, లేబుల్‌కు అనుమతి కోరుతూ రాసే ఉత్తరంలో సీను ఏమిటో, ఎన్ని సెకన్లో, పాట నేపథ్యంలో వస్తుందా లేక పాత్ర రేడియోలో వింటుందా, ఏ దేశాలు, ఎన్నేళ్లు, థియేటరా ఓటీటీనా, అన్నీ రాయండి. ఫెస్టివల్స్ వరకే అడిగితే రేటు బాగా తగ్గుతుంది, కానీ తర్వాత విడుదలకు ఎంతో ఇప్పుడే రాయించుకోండి. 'ఎమ్ఎఫ్ఎన్' షరతు (ఒకరికి ఎక్కువిస్తే రెండోవాళ్లకూ అంతే ఇవ్వాలనేది) మాత్రం మరవకండి: పబ్లిషర్ 2,000 డాలర్లకు ఒప్పుకున్నాక లేబుల్ 3,000 అడిగి తీసుకుంటే, పబ్లిషర్‌కూ 3,000 ఇవ్వాలి. ఖర్చు 5,000 కాదు, 6,000.

సోల్ పాటలతో ఇంకో ప్రమాదం ఉంది. చాలామంది గాయకులు తమ హిట్లను ఏళ్ల తర్వాత వేరే లేబుల్‌కు మళ్లీ పాడారు. స్ట్రీమింగ్‌లో దొరికిన వెర్షన్‌కు ఎడిట్ చేసి, లైసెన్స్ ఒరిజినల్‌కు తీసుకుంటే, రెండింటి వేగం తేడాగా ఉండి సీన్లలో ఒక్క కట్టూ డ్రమ్ దెబ్బ మీద పడకపోవచ్చు.

మాస్టర్ ధర అందకపోతే వాద్యకారులతో మళ్లీ వాయించుకోవచ్చు, అప్పుడు సింక్ ఒక్కటే చాలు. రాప్ ట్రాక్‌కు అది బాగానే కుదురుతుంది. సోల్‌కు మాత్రం వద్దంటాను. ఆ పాట వెతుక్కుంటూ వెళ్లేదే ఆ గొంతు కోసం, ఆ టేపు మీద పడిన గది చప్పుడు కోసం.