బాపుకు పార్కిన్సన్స్, మూత్రం గోళీలు వేసినా తగ్గట్లేదు – సమాధానం

బాపు మూత్రం ఇబ్బందికి ప్రోస్టేట్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. బాపుకు లేస్తే కళ్లు తిరుగుతున్నాయని కూడా రాశారు కాబట్టి ఎమ్‌ఎస్‌ఏ (మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ, పార్కిన్సన్స్‌లాగే కనబడే ఇంకో నరాల జబ్బు) ఉందేమో చూడాలి. అందులో వెన్నుపాము అడుగున, మూత్రం దారిని బిగించి ఉంచే ఓనుఫ్ నరకణాలు దెబ్బతింటాయి. మూత్రం సంచి కూడా సరిగా ఖాళీ కాదు.

అందరూ వదిలేసేది ఇదే: మూత్రానికి పోయొచ్చిన వెంటనే స్కానింగ్. హన్మకొండ సెంటర్లలో నీళ్లు తాగించి, నిండు సంచికి తీసి పంపిస్తే అది చాలదు. పోయొచ్చాక మళ్లీ తీయమని మీరే అడగండి. 100 మి.లీ. దాటి మిగిలితే ఆ గోళీల సంగతి డాక్టర్‌ను అడగండి, కొన్ని ఇంకా బిగబట్టిస్తాయి.

1. పడుకున్నప్పుడు, నిలబడ్డ 3 నిమిషాలకు బీపీ చూడండి. పై అంకె 20 తగ్గితే రాసుకోండి.
2. స్కానింగ్ రిపోర్టు, బీపీ అంకెలు రెండూ న్యూరాలజిస్ట్‌కు చూపించండి.

చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోండి.