ఉచితంగా చేసే కంప్యూటరు సాయానికి హద్దు ఎక్కడ?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. వ్యవసాయ సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. చదువుకునే రోజుల నుంచీ కంప్యూటర్లంటే ఇష్టం. పాత యంత్రాలు విప్పి బిగించడం, విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్ వ్యవస్థ వేసి చూడడం సొంతంగా నేర్చుకున్నాను. ఇది నాకు సరదాయే తప్ప వృత్తి కాదు. అయినా ఊళ్ళో ఎవరి ప్రింటరు ఆగినా, ఎవరి ఫోనులో ఫొటోలు పోయినా నా దగ్గరికే వస్తారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే బంధువులు బట్టల సంచితో పాటు మొరాయిస్తున్న ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకుంటున్నారు. ఇటీవల మా పెదనాన్నగారి ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేసి ఇచ్చాను. కొన్నాళ్ళకు దాని మూత కీలు విరిగింది. "నువ్వు చెయ్యి పెట్టిన దగ్గర్నుంచే ఇలా అయిందిరా" అన్నారు. ఎస్ఎస్‌డీకి నేను పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు. అడిగితే బంధుత్వం చెడుతుందేమోనని భయం. అడగకపోతే ఇంట్లో సమాధానం చెప్పలేకపోతున్నాను. ఇలాంటి పనులు కాదనడం ఎలాగండి?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మీరు డబ్బు గురించి అడిగారు గాని, మిమ్మల్ని ఎక్కువగా నొప్పించినది మీ పెదనాన్నగారి మాట అని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. అందుకని ముందు ఆ మాట సంగతే చూద్దాం. ల్యాప్‌టాప్ మూత కీలు ఏళ్ళ తరబడి తెరిచి మూయడంతో బిగుసుకుపోతుంది. అది బిగుసుకున్న కొద్దీ దాన్ని పట్టి ఉంచే సన్నని ప్లాస్టిక్ దిమ్మెల మీద బరువు పడి, ఒకనాడు అవి ఊడిపోతాయి. ఎస్ఎస్‌డీ మార్చినందువల్ల కీలు విరగదు. ఈ సంగతి ఆయనకు కోపం చల్లారాక, ఊడిన ముక్కను చేతిలో పెట్టి చూపిస్తూ చెప్పండి. ఆయన మాటలో దురుద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. లోపల ఏం జరిగిందో తెలియని మనిషికి, చివరగా ఆ యంత్రాన్ని విప్పిన చెయ్యి ఒక్కటే గుర్తుంటుంది.

మన వైపు కొబ్బరి దింపుకు మనిషిని పిలిస్తే, చెట్టుకింత అని ముందే మాట్లాడుకుంటాం. అతను చెట్టెక్కడం, గెల కోయడం, చెమటతో దిగడం అందరూ చూస్తారు కాబట్టి కూలి దగ్గర పెద్దగా పేచీ రాదు. మీరు మాత్రం రాత్రి పొద్దుపోయేదాకా తెర ముందు కూర్చుని, ఏ డ్రైవరు (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము) వల్ల యంత్రం మళ్ళీ మళ్ళీ ఆగిపోతోందో ఒక్కొక్కటీ తీసి చూస్తూ ఉంటే, చూసేవారికి మీరు ఊరికే కూర్చున్నట్టే కనబడుతుంది. అడిగేవారిలో చాలామంది పిసినారులు కారు. అది శ్రమ అని వారికి ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పే పని మీదే.

ఇక డబ్బు విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. దగ్గరి బంధువుల దగ్గర, ఇరుగుపొరుగు వారి దగ్గర చేతి కూలి తీసుకోవద్దు. రెండు వందలు పుచ్చుకున్న మరుక్షణం నుంచి వారి లెక్కలో మీరు ఒక దుకాణం. దుకాణమన్నాక బిల్లు, గ్యారంటీ, చెడితే మళ్ళీ చేసి ఇవ్వడం అన్నీ ఉండాలి కదా. అంత బాధ్యత మోయగలనని అనిపిస్తే, మీ ఉద్యోగ నియమాలు ఒప్పుకుంటాయో లేదో చూసుకుని, ధర పట్టిక పెట్టి పద్ధతిగా మొదలుపెట్టండి. లేదా పూర్తిగా ఉచితంగా చేయండి, కాని మీరు చెప్పిన వేళకు, మీరు చెప్పిన షరతులకు. బొండాలో, బస్తా బియ్యమో, ఆత్రేయపురం వెళ్ళినప్పుడు తెచ్చిన పూతరేకులో ప్రేమతో ఇస్తే సంతోషంగా తీసుకోండి; అది మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న మర్యాదే.

విడిభాగాల డబ్బు మాత్రం వేరు. అందులో మొహమాటం అక్కర్లేదు. వస్తువును ఇకమీదట మీరు కొనకండి. ఏ రకం కొనాలో కాగితం మీద రాసి ఇచ్చి, వారి చేతనే వారి పేరున కొనిపించండి. ఎస్ఎస్‌డీలకు సాధారణంగా 3 ఏళ్ళో, 5 ఏళ్ళో వారంటీ ఉంటుంది. బిల్లు వారి దగ్గరుంటే చెడిపోయినప్పుడు వారే మార్చుకుంటారు. పెదనాన్నగారికి కూడా అసలు ధర చూపే బిల్లును పంపి, "పెదనాన్నగారూ, వారంటీ కోసం ఈ బిల్లు మీ దగ్గర ఉంచండి, వీలు చూసుకుని ఈ మొత్తం నాకు పంపండి" అని చెప్పండి. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

యంత్రం ముట్టుకునే ముందు చేయవలసిన పని అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే నిందలన్నీ అక్కడే పుడతాయి. యజమాని ఎదుటే దాన్ని ఆన్ చేసి, ఏది పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు, మూత ఎక్కడ బీటలు వారింది అన్నది ఇద్దరూ చూసి, ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీసి వారికే వాట్సాప్‌లో పంపండి. తరువాత ఫైళ్ళు మరోచోట ఉన్నాయా అని అడగండి. లేవంటే, వాటిని వేరే డిస్క్‌లోకి ఎక్కించాకే స్క్రూడ్రైవరు పట్టండి. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంటే వెంటనే ఆపేయండి. ఆన్ చేసి చూసిన ప్రతిసారీ లోపలి పళ్ళెం గీసుకుపోయి, ఉన్న కాస్త ఆశ కూడా పోవచ్చు. అది డేటా తీసే ప్రత్యేక ప్రయోగశాలకు వెళ్ళవలసిన పని, మీది కాదు. సముద్రం దగ్గరి ఊళ్ళ నుంచి వచ్చే డెస్క్‌టాప్‌లలో ఉప్పు గాలికి ర్యామ్ (తాత్కాలికంగా సమాచారం ఉంచే చిన్న పలక) కాళ్ళు మసకబారి, యంత్రం బీప్ మంటూ ఆగిపోవడం మామూలే. కరెంటు తీసేసి ర్యామ్ బయటికి తీసి, ఆ బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. అలాంటి పని పది నిమిషాల్లో చేసి ఇవ్వండి, ఆనందంగా ఉంటుంది.

కొన్ని పనులు మాత్రం ఎవరు అడిగినా చేయకండి. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వేయమంటే వద్దనండి. తెలిసి అలాంటి ప్రోగ్రాము వాడినవారికి 1957 కాపీరైటు చట్టం 63బి సెక్షను కింద జైలు, 50 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడే వీలుంది. పైగా వాటి తాళం విరగ్గొట్టే క్రాక్ ఫైళ్ళతోనే వైరసులు ఎక్కువగా వస్తాయి. ఉత్తరాలు, లెక్కల పట్టికలకైతే లిబ్రే ఆఫీసు ఉచితంగా దొరుకుతుంది. భార్య ఫోనో, కోడలి ఫోనో వారికి తెలియకుండా తెరిచి చూపించమంటే అక్కడే లేచి రండి. బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మీకు చెప్పబోతే చెవిన వేసుకోకండి. యజమాని చేతనే టైపు చేయించి, మీరు అటు తిరిగి కూర్చోండి. తరువాత ఎప్పుడైనా ఆ ఖాతాలో డబ్బు పోతే అనుమానం మీ మీదికి రాకూడదు కదా.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇంటి యంత్రాలకు 2026 అక్టోబరు వరకే గడువు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత యంత్రాలు విండోస్ 11కి పనికిరావు కాబట్టి, లినక్స్ వేసి ఇమ్మని మీ దగ్గరికి ఇంకా చాలామంది రావచ్చు. మీ ఇష్టం కొద్దీ అందరికీ వేయకండి. చెరువుల లెక్కలు విండోస్ మీద నడిచే ట్యాలీ ప్రోగ్రాములో రాసుకునే రైతుకు, 'అను' అనే తెలుగు ఫాంట్లలో శుభలేఖలు కూర్చే ప్రెస్సు వారికి అది కుదరదు. సినిమాలు, వార్తలు, ఈమెయిలు చూసుకునే విశ్రాంత ఉపాధ్యాయునికి చక్కగా సరిపోతుంది. అయితే లినక్స్ వేసిన ప్రతి ఇంటికీ ఆపైన మీరే దిక్కవుతారు. ఎన్ని ఇళ్ళు చూసుకోగలరో ముందే అనుకుని వేయండి.

కాదనడానికి కటువు మాట అక్కర్లేదు. "బాబాయ్ గారూ, ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా చూస్తానండి, చార్జరుతో సహా తీసుకురండి, ఆ రెండు గంటల్లో కాకపోతే భీమవరంలో ఎవరికి చూపించాలో చెబుతాను" అంటే సరిపోతుంది. నిజంగా అవసరం ఉన్నవారు ఆదివారం వస్తారు. ఆ వేళ మీ ఇంట్లోవారితో కూడా అనుకుని పెట్టుకోండి. పండగ మూడు రోజులూ మాత్రం ఏ యంత్రమూ విప్పనని ఈ ఏడాదే అందరికీ చెప్పేయండి.

ప్రశ్న: నా పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. కంప్యూటరు ఆగితే పక్కింటి అబ్బాయినే పిలుస్తాను. పాపం, ఎప్పుడూ విసుక్కోడు. అతన్ని ఇబ్బంది పెడుతున్నానేమోనని సంకోచం.
— ఒక గృహిణి, రాజోలు

సమాధానం: అడగడంలో తప్పేమీ లేదమ్మా. అతనికి పని తేలికయ్యేలా అడగండి. తెర మీద వచ్చిన సందేశాన్ని మూసేయకుండా ఫొటో తీసి ఉంచండి. దానికి ముందు మీరు ఏం నొక్కారో గుర్తున్నంత వరకు రాసుకోండి. "పాడైంది బాబూ" అన్న ఒక్క మాట కన్నా ఆ రెండూ అతనికి ఎంతో సమయం మిగులుస్తాయి. మధ్యాహ్నం భోజనం వేళో, పరీక్షల రోజుల్లోనో పిలవకండి. ఫొటోలు ఒక్క కంప్యూటరులోనే ఉంచకుండా మరో డిస్క్‌లో ఒక కాపీ, మీ పిల్లల దగ్గర ఒక కాపీ ఉండేలా అతని చేత ఒకసారి పెట్టించుకోండి. లంకల్లోకి వరద నీరు వచ్చే మన ప్రాంతంలో ఊరికి దూరంగా ఒక కాపీ ఉండడం తప్పనిసరి.

మరో సంగతి. కంప్యూటరు కంపెనీ నుంచి మాట్లాడుతున్నామంటూ ఎవరైనా ఫోను చేసి, ఎనీడెస్క్ వంటి, మీ తెరను దూరం నుంచి నడపనిచ్చే యాప్ వేసుకోమంటే వెంటనే ఫోను పెట్టేయండి. ఇలాంటి యాప్‌లతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ఒకవేళ డబ్బు పోతే, పక్కింటి అబ్బాయి వచ్చేదాకా ఆగకుండా మీరే సైబరు మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపే వీలు అంత ఎక్కువ.