మందం దగ్గరే బొమ్మ బయటపడుతుంది

ప్రశ్న: ప్లాస్టిక్ షీట్లు కోసి 1/24 స్కేల్లో వ్యాన్ తరహా అంబులెన్స్ కట్టాను. కిట్ ఏదీ వాడలేదు. లైట్లు, స్టిక్కర్లు, తలుపు హ్యాండిళ్లు అన్నీ పెట్టాను. అయినా చూసినవాళ్లంతా ‘బొమ్మ బావుంది’ అంటున్నారు తప్ప ‘అంబులెన్స్ బావుంది’ అనడం లేదు. ఏం తగ్గిందంటారు?

జవాబు: ఏమీ తగ్గలేదండీ, మందం ఎక్కువైంది. మీరు పంపిన ఫొటోల్లో నా చూపు మొదట ముందు చక్రం పైనున్న కమాను మీద పడింది. అక్కడ మిల్లీమీటరు షీటు అంచు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. 1/24 స్కేల్లో మిల్లీమీటరంటే అసలు బండి మీద 24 మిల్లీమీటర్లు. అంటే దాదాపు అంగుళం మందం పలకతో చేసిన అంబులెన్సన్నమాట! నిజం బండి బాడీ రేకు మిల్లీమీటరు కూడా ఉండదు. చూసేవాళ్లు ఈ లెక్కలు కట్టరు గానీ, కన్ను మాత్రం ఇట్టే పసిగడుతుంది.

అలాగని మొత్తం పావు మిల్లీమీటరు షీటుతో మళ్లీ కట్టకండి. చేత్తో పట్టుకుంటే చాలు, పక్కలు సొట్టపోతాయి. గోడల్ని అలాగే ఉంచి, బయటికి కనిపించే అంచుల్ని లోపలి వైపు నుంచి ఏటవాలుగా పలచన చెయ్యండి. కట్టర్ బ్లేడుతో కొయ్యకూడదు, గోకాలి. పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ రాలుతుంటే పని సరిగ్గా సాగుతున్నట్టు. చక్రాల కమాన్లు, బంపర్ కింది అంచు, సైడు అద్దాల డిప్పలు, లైట్‌బార్ (రూఫ్ మీది లైట్ల పట్టీ) మూత... వీటికి చేస్తే చాలు. వెనక తలుపుల జోలికి పోవద్దు, అవి నిజంగానే డబ్బాల్లా మందంగా ఉంటాయి.

తలుపుల సందులూ అంతే. అసలు బండిలో ఐదు మిల్లీమీటర్ల సందు మీ స్కేల్లో 0.2 మిల్లీమీటర్లు అవుతుంది. మీ గీతల్లో ఆ స్కేలు మనిషి వేలు పట్టేట్టుంది! పుట్టీతో పూడ్చి, స్టీలు స్కేలు ఆనించి, బ్లేడు వెనక అంచుతో మళ్లీ గీయండి. గట్టిగా ఒక్కసారి కాదు, తేలిగ్గా ఏడెనిమిది సార్లు. తెల్లబండి గీతల్లో నల్లరంగు నింపితే కార్టూన్ అయిపోతుంది, బూడిదరంగు చాలు.

కొలతలకు నేను నమ్మే చిట్కా ఒకటుంది. మీరు నమూనాగా తీసుకున్న బండి ఫొటోలో టైరు పక్కన ఉన్న అంకెలు చదవండి. 225/75 ఆర్ 16 అని ఉందనుకుందాం. 225 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. టైరు పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, అంటే 168.75. పైనా కిందా కలిపి 337.5. రిమ్ము 16 అంగుళాలు, అంటే 406.4. మొత్తం దాదాపు 744 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 31. బండిని సరిగ్గా పక్క నుంచి, దూరంగా నిలబడి తీసిన ఫొటో అయితే ఈ టైరే మీ కొలబద్ద. కిటికీ ఎత్తు, రూఫ్ ఎత్తు అన్నీ దాంతోనే కొలవండి. బరువుకి టైరు కింద కాస్త నొక్కుకుంటుంది కాబట్టి నిలువు కొలత కాకుండా అడ్డం కొలత తీసుకోండి.

ఇంకో మాట. గోడ గట్టిగా ఉండాలని రెండు షీట్లను ఒకదానికొకటి పూర్తిగా అతికించేవాళ్లున్నారు. నేనూ ఒకసారి ఆ పని చేశాను. ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే పల్చటి సిమెంటు రెండు షీట్ల మధ్య చిక్కుకుపోయింది. ఆవిరి బయటికి పోయే దారి లేక, రెండు వారాల్లో నా బండి ఎడమపక్క పూరీలా ఉబ్బింది. అప్పటికే రంగు కూడా వేసేశాను! అప్పటి నుంచి లోపలి షీటుకి ముందే బెజ్జాలు వేసి, అతికించాక కొన్ని రోజులు ముట్టుకోను. గట్టిదనం కావాలంటే లోపల అడ్డగోడలు పెట్టడం ఇంకా మేలు.

ప్రశ్న: కిటికీ అద్దాలు, నీలం లైట్‌బార్ సూపర్‌గ్లూతో అతికించాను. తెల్లారేసరికి పొగ పట్టినట్టయ్యాయి. బాగుచేయొచ్చా?

జవాబు: సూపర్‌గ్లూ ఆవిరి చేసిన పని అది. మెత్తటి పాలిష్‌తో తుడిచి, క్లియర్ యాక్రిలిక్ వార్నిష్ పలచగా రాస్తే చాలావరకు పోతుంది. ఈసారి అద్దాలకు తెల్ల జిగురు వాడండి. ఆరాక పారదర్శకంగా ఉంటుంది, ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. లైట్‌బార్‌కి నీలం రంగు పైనుంచి వేస్తే ప్లాస్టిక్ ముద్దలా కనిపిస్తుంది. మూత లోపలివైపు పారదర్శక నీలం పూసి, దాని వెనక నలిపి మళ్లీ సాపు చేసిన అల్యూమినియం రేకు ముక్క పెట్టండి. ఆ ముడతల మీద వెలుతురు పడితే లైటు వెలగకపోయినా మెరుస్తుంది.

ప్రశ్న: అమెరికా ఫైర్ ఇంజన్ చేస్తున్నాను. వెనక ఎరుపు, పసుపు చారలు ఎంత వెడల్పు పెట్టాలి?

జవాబు: అక్కడి ఎన్‌ఎఫ్‌పీఏ (అగ్నిప్రమాదాల నివారణ ప్రమాణాలు రాసే సంస్థ) ఫైర్ ఇంజన్లకు పెట్టిన 1901 ప్రమాణం 2009 ఎడిషన్ ప్రకారం ఆరంగుళాల వెడల్పు, 45 డిగ్రీల ఏటవాలు. మధ్య నుంచి రెండు పక్కలకూ కిందికి దిగుతాయి. 1/24లో 6.35 మిల్లీమీటర్లు, 1/25లో 6.1. అంతకుముందు తయారైన పాత బండి చేస్తుంటే ఫొటో చూడకుండా చారలు వెయ్యకండి. పసుపు, ఎరుపు రెండూ కింది రంగును సరిగ్గా కప్పవు. తెల్ల ప్రైమర్ వేసి, ముందు పసుపు వేసి, టేపు అతికించి ఆపై ఎరుపు వెయ్యండి.

ప్రశ్న: బానెట్ మీద ‘అంబులెన్స్’ అని ఇంగ్లిషులో తిరగేసి రాయాలి. ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: ముందు వెళ్లే డ్రైవర్ తన అద్దంలో చదవడానికి కదా ఆ రాత. ఎ, ఎమ్, యు తిరగేసినా అలాగే ఉంటాయి కాబట్టి వాటిని చూసి మోసపోకండి. బి, ఎల్, ఎన్, సి, ఇ చూడండి. అక్షరాలు విడివిడిగా తిప్పి, వరుస తిప్పడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పలచటి స్టిక్కర్) నీళ్లలో వేసేముందు చేతి అద్దంలో ఒకసారి చదువుకోండి.