వారంలో వచ్చిన అడ్మిషన్ లెటర్

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాడు. అమెరికాలో ఒక చిన్న యూనివర్సిటీ జీఆర్ఈ ప్రవేశ పరీక్ష అడగకుండానే వారంలో ఎంఎస్ సీటు, 5,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చింది. బంధువుల పిల్లలంతా వెళ్లిపోయారు. రెండెకరాల పొలం తాకట్టు పెట్టి పంపమంటారా, ఇక్కడే ఎంటెక్ చేయించమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: సీటు అంత త్వరగా ఎందుకు వచ్చిందో ముందు తెలుసుకోండి. అమెరికాలో 2007లో 43 లక్షల పైచిలుకు పిల్లలు పుట్టారు. మరుసటి ఏడాది మాంద్యం నుంచి జననాలు తగ్గుముఖం పట్టాయి కనుక, ఆ పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండిన 2025 తర్వాత కాలేజీ గడప తొక్కే స్థానిక విద్యార్థులు తగ్గడం మొదలవుతుంది. పేరున్న విశ్వవిద్యాలయాలకు దీనితో బెంగ లేదు. ఫీజుల మీదే నడిచే చిన్న సంస్థలు మాత్రం ఆ లోటును మన పిల్లలతో పూడ్చుకోవాలని చూస్తున్నాయి. 2023-24లో అక్కడ చదివిన భారతీయులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానం మనదే.

ప్రభుత్వ సాయం పొందే కాలేజీలు స్వదేశీ విద్యార్థులను చేర్పించినందుకు ఏజెంట్లకు తలకింత అని కమిషన్ ఇవ్వడాన్ని అమెరికా చట్టం నిషేధించింది, విదేశాల్లో ఉన్న విద్యార్థులకు మాత్రం ఆ నిషేధం వర్తించదు. కన్సల్టెన్సీ వారు మీకు ఉచితంగా సలహా ఇస్తుంటే, వారికి డబ్బు ఎవరిస్తున్నారో ముఖం మీదే అడగండి. ఇలా అడిగిన వారందరికీ ఇచ్చే స్కాలర్‌షిప్పు ఆషాఢం డిస్కౌంటు వంటిది, అది ప్రతిభకు గుర్తింపు కాదు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ పంపే పత్రం) వచ్చాక అందులోని ఖర్చు సాధారణంగా ఒక్క విద్యాసంవత్సరానిదేనని గమనించండి. ఎంఎస్‌కు దాదాపు రెండేళ్లు పడుతుంది.

కొంచెం కటువుగానే చెబుతాను. మీ లేఖలో పొలం ఎన్ని ఎకరాలో ఉంది, బంధువుల సంగతి ఉంది, అబ్బాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క మాటైనా లేదు. అప్పు తీర్చవలసింది ఆ పిల్లవాడే. చదువు తర్వాత ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే మరో రెండేళ్లు పని చేయవచ్చు. ఆపైన ఏటా 85,000కు మించని కొత్త హెచ్‌1బీ ఉద్యోగ వీసాల కోసం పోటీ పడాలి.

ఎంటెక్ సంగతి: గేట్ ప్రవేశ పరీక్ష అర్హతతో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, పొలం జోలికి పోనక్కరలేదు. ఏ ఉద్యోగంలోనైనా చేరి ఏడాది ఆగినా నష్టం లేదు, ఎందుకంటే అక్కడి పిల్లలు తగ్గేకొద్దీ ఇలాంటి సీట్లు పెరిగే అవకాశమే ఎక్కువ. మీవాడు వెనకబడిపోడు. కిందటేడు ఆ అమెరికా యూనివర్సిటీలో అదే ఎంఎస్ కోర్సు పూర్తిచేసిన వారిలో ఎందరికి ఆ రంగంలోనే ఉద్యోగం వచ్చిందో నేరుగా డిపార్ట్‌మెంటుకే మెయిల్ పెట్టి అడగమనండి. రాతపూర్వకంగా జవాబు వచ్చే దాకా డిపాజిట్ కట్టకండి.