తాతయ్యతో చెప్పుకుంది, మీతో కాదు

కరోనాకు బడులు మూసేసిన 2020లో మీ పాపకు ఆరేళ్లు. అప్పుడే లెక్చరర్ ఉద్యోగం మానేసి ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టారు, తర్వాత బాబుకూ అంతే. ఇప్పుడు ఊరి చివర మార్కులూ యూనిఫాం లేని ఒక ప్రత్యామ్నాయ బడి చూశారు. టీసీ లేదు, ఏ తరగతిలో వేస్తారు, పాప అలవాటు పడుతుందా అని ఉత్తరంలో అడిగారు.

ఆ చిన్న ప్రశ్న ముందు తేల్చేద్దాం. బడి ముఖం చూడని పిల్లనైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. గుర్తింపు ఉందా, పదో తరగతి ఏ బోర్డులో రాయిస్తారు అన్నది ఆ బడివాళ్లనే అడగండి. ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు) ద్వారా రాయిస్తామంటే పాపకు పద్నాలుగేళ్లు నిండాలి, మీకింకా రెండేళ్ల టైముంది. ఆ టెన్షన్ ఇక వదిలేయండి.

మూడు పేజీల్లో నేను ఆగిపోయింది ఒక్క వాక్యం దగ్గర. 'సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బడికి వెళ్లాలని ఉందని మా మామగారితో అందట, ఆయనే దాని మనసు పాడుచేశారు' అని రాసి, వెంటనే మళ్లీ సిలబస్‌లోకి వెళ్లిపోయారు.

ఆయన చేసిన తప్పేమిటమ్మా? పిల్ల చెప్పుకుంది, ఆయన విన్నారు. పొద్దస్తమానం మీ పక్కనే కూర్చునే పిల్ల ఆ మాట మీతో ఎందుకు అనలేదు? అంటే అమ్మ బాధపడుతుందని. 'పిల్లల కోసమే ఉద్యోగం వదులుకున్నాను' అని ఈ ఒక్క ఉత్తరంలోనే నాలుగుసార్లు చదివాను నేను. ఆరేళ్లలో ఆ పిల్ల ఎన్నిసార్లు వినుంటుంది? పన్నెండేళ్లకే మీ మనసును కాపలా కాస్తోంది. ఇది నాకు నచ్చలేదు.

మీరు చదువు బాగానే చెప్పారు, నవలలు చదివే పిల్లను తయారుచేశారు. కానీ టీచరూ అమ్మా ఒక్కరే అయితే, టీచర్ మీద కోపమొచ్చిన రోజు అది ఎవరి ఒళ్లో పడుకోవాలి? నేనైతే మా లెక్కల మాస్టారిని తిట్టుకుంటూనే అమ్మ చేతి ముద్దలు తిన్నాను.

ఇంకో సంగతి. పాప అడిగింది బడి. 'ప్రత్యామ్నాయం' మీరు కలిపారు. వీధి చివర యూనిఫాం, హోంవర్కు ఉన్న మామూలు బడే దానికి ఇష్టమేమో, అడిగారా? తనను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని 'తాతయ్యతో అన్నావట, నాకూ చెప్పవూ' అనండి. నాకెందుకు చెప్పలేదని మాత్రం నిలదీయకండి. ఏడుపొస్తే తర్వాత ఏడవండి, దాని ముందు వద్దు. రెండు బడులూ చూపించండి. కొన్ని రోజులు వచ్చి కూర్చోనిస్తే పంపండి, మీరు గేటు బయటే ఆగిపోండి.

బాబు వెళ్లనంటున్నాడా, ఈ ఏడాది ఇంట్లోనే ఉండనివ్వండి. అక్క వెనకాల తోకలా పంపక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ, జూన్‌లో కాలేజీలు తెరుస్తారు. పార్ట్‌టైమ్ అయినా సరే, అప్లికేషన్ పెట్టండి. మీ పేరుకు కూడా ఒక చిరునామా ఉండాలి, పిల్లల చదువు ఒక్కటే కాకుండా.

అత్తమామల మీద మీకున్న పాత లెక్కలు ఇంకో ఉత్తరంలో రాయండి, చదువుతాను. ఈలోగా మామగారికి ఒక ఫోన్ చేయండి. పాప ఇంకేమేం చెప్పిందని కూపీ లాగడానికి కాదు, వేసవిలో పిల్లల్ని పంపిస్తున్నామని చెప్పడానికి.